తరుగు తీయని తూకం

మా నాయన తన కడుపులోని గడ్డను పస్తులు పెట్టి చంపాలనుకున్నాడు. ఈ మాట ఎవరికి చెప్పినా అయ్యో పాపం అంటారు. నాకు పాపం అనిపించదు, ఒళ్ళు మండుతుంది. నేను అప్పట్లో సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. కణం ఊపిరి ఎట్లా తీసుకుంటుంది, తిన్న తిండిని ఎట్లా ఖర్చు పెట్టుకుంటుంది అని ఏటా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పడమే నా బతుకుతెరువు. కన్నతండ్రి మాత్రం నేను చెప్పిన పాఠం సగం విని, తక్కిన సగానికి తన సొంత పాఠం అతికించుకున్నాడు.

నాయన మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. వడ్లు ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి మంట కావాలి, ఆ మంటకు వడ్ల మీంచి ఊడిన ఊకే తిండి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఆ పొయ్యికి ఊక వేస్తూనే ఉన్నాడు. కనుబొమ్మల్లో, చెవుల్లో బూడిదతో ఇంటికొస్తే అమ్మ గడప దాటనిచ్చేది కాదు, "ఆడనే దులుపుకో" అనేది. మా వాడంతా ఆ బూడిదే, ఆరేసిన చీర మళ్ళీ ఉతుక్కోవలసిందే. ఆయనకు ఒకటే గర్వం. తన పొయ్యి కింది నుంచి తీసిన బూడిద తెల్లగా ఉంటుంది. నల్లగా వచ్చిందంటే ఊక సగమే కాలిందని, వేసినవాడికి పని రాదని అర్థం. అట్లాంటివాళ్ళను నాయన నోటికొచ్చినట్టు తిట్టేవాడు.

తొంభైల మొదట్లో ఆయనకు దొడ్డికి పోతే నెత్తురు పడటం మొదలైంది. మొలలేమో అనుకుని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి మనిషి పాలిపోయాడు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోతే పరీక్షలన్నీ చేసి, పెద్దపేగులో గడ్డ, క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ చేసి తీసేయాలని ఒక తేదీ ఇచ్చారు. తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తుంటే ఆయన నా మోచెయ్యి పొడిచాడు.

"అదేం తింటది బిడ్డా?"

"ఏది?"

"గడ్డ. పెరుగుతున్నదంటే ఏదో ఒకటి తినాలె గదా."

చెప్పొద్దూ, అంత ఏడుపులోనూ నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళలో నా విద్యార్థి ఒక్కడూ ఈ ప్రశ్న అడగలేదు. ముక్కు తుడుచుకుని చెప్పాను. మంచి కణం చక్కెరను గాలితో కలిపి పూర్తిగా కాల్చుకుంటుంది, కొంచెం తిన్నా బోలెడు బలం వస్తుంది. క్యాన్సర్ కణం అట్లా కాదు. పక్కనే గాలి ఉన్నా వాడుకోదు, చక్కెరను సగం కాల్చి, మిగిలింది పులిసిపోయిన ఆమ్లంగా బయట పారేస్తుంది. దాంతో బలం చాలదు గనక ఇంకా ఇంకా చక్కెర లాక్కుంటూనే ఉంటుంది.

"అంటే నల్లబూడిద తీసెటోడన్నట్టు," అన్నాడు నాయన. "అసొంటోణ్ణి మా మిల్లుల ఒక్క పూట ఉంచరు."

"దానికి పని రాక కాదు నాయనా. దానికి కావలసింది వేడి కాదు, ఇల్లు. సగం కాల్చి ఆపిన సరుకులోంచే కొంత మళ్ళించుకుని కొత్త కణాలు కట్టుకుంటది. అందుకే అంత తొందరగా పెరుగుతది."

ఆయన వినడం అప్పటికే మానేశాడు. ముందు సీటు కమ్మీ పట్టుకుని ఆలోచిస్తున్నాడు. "మరి ఊక బంద్ చేస్తే?" అన్నాడు.

"బంద్ చేస్తే ఇంకోటి తింటది. చక్కెర లేకపోతే నీ కండ కరిగిస్తది. అది..." అంటుండగానే బస్సు ఆగింది. టీ తాగుదామని దిగాం. నేను గ్లాసు చేతికిస్తే ఆయన తీసుకోలేదు. "చక్కెర ఉంటది," అన్నాడు.

అట్లా మొదలైంది. నేను సూర్యాపేట పోయి మళ్ళీ ఆదివారం వచ్చేసరికి నాయన అన్నం మానేశాడు. టీ లేదు, పండు లేదు, బెల్లం ముక్క లేదు. ఉడకబెట్టిన తోటకూర, నీళ్ళ మజ్జిగ, అంతే. ఎవరైనా అడిగితే ఒక్కపొద్దు అని చెప్పేవాడు. దేవుడి పేరు చెప్పి పస్తుంటే మన దగ్గర ఎవరూ వద్దనరు కదా, పైగా దండం పెడతారు. మిల్లు వాళ్ళు కూడా మెచ్చుకున్నారట.

"ఎంత పెద్ద బాయిలరైనా ఊక ఆపితే సల్లారాల్సిందే," అన్నాడు నాతో. "నా అనుభవం అది."

"బాయిలర్‌కు ఊక నువ్వు వేస్తేనే పడుతుంది. ఒంటికి అట్లా కాదు. నువ్వు తినకపోతే కాలేయమే కండ కరిగించి చక్కెర చేస్తది. నెత్తుట్ల చక్కెర ఎప్పుడూ ఆగదు, ఆగితే మనిషే ఉండడు. అది బయటి నుంచి వచ్చిన పురుగు కాదు, నీ ఒంటి కణమే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తెల్వదా? బియ్యం డబ్బా ఏ మూలనుందో దానికి నీకంటే బాగా తెలుసు."

"నీ పుస్తకం నీకు, నా పొయ్యి నాకు."

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే పొట్ట మీద చెయ్యి పెట్టి, మంట తగ్గిందా లేదా అని చూసుకునేవాడు. తగ్గింది అనేవాడు. బుగ్గలు లోపలికి పోయాయి, భుజాల మీద కండ పోయింది, చొక్కా కొక్కేనికి వేలాడేసినట్టుంది. అది కూడా ఆయనకు గెలుపుగానే కనిపించింది.

ఆపరేషన్‌కు రమ్మన్న రోజున హైదరాబాద్ తీసుకుపోయాను. డాక్టరు ఆయన్ను చూసి నా మీద విరుచుకుపడ్డాడు. ఈ ఒంటితో బల్ల ఎక్కిస్తే దిగడు అన్నాడు. గడ్డ ఇంకా తీయడానికి వీలుగానే ఉంది, మనిషే వీలుగా లేడు. బాగా పెట్టండి, కండ పట్టించండి, బరువు పెరిగాక తీసుకురండి, అప్పుడు కోసి తీసేద్దాం. బరువు పెరిగితే ఆపరేషన్, లేకపోతే లేదు. ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు.

అంత చెప్పినా నాయన వినలేదు. "నాకు పెడితే దానికి పెట్టినట్టే గదా" అన్నాడు. కోపంతో నేను ఆయన్ను ఇల్లు చేర్చి, ఆ పూట తినకుండానే సూర్యాపేట బస్సెక్కాను. ఆయన్ను కదిలించింది నేనూ కాదు, డాక్టరూ కాదు. అమ్మ నల్లా దగ్గర బిందె ఎత్తబోయి పడిపోయింది.

అమ్మ పెళ్ళయిన నాటి నుంచి ఆయన తిన్నాకే తినేది. ఆయన షిఫ్టు దిగి ఎప్పుడొస్తే అప్పుడే ఆమె భోజనం. ఇందులో గొప్పేమీ లేదు, మా ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా అంతే. ఇప్పుడాయన తోటకూర తింటే ఆమె తోటకూరే తిన్నది, మజ్జిగ తాగితే మజ్జిగే తాగింది. ఆయన గడ్డను చూసుకుంటూ ఆమెను చూడలేదు. నేనూ ఆయన్ను చూసుకుంటూ చూడలేదు. చూసింది కోదాడ నుంచి వచ్చిన మా మేనత్త, నాయన చెల్లెలు. నేను వెళ్ళేసరికి ఆమె వాకిట్లో నిలబడి అన్నను దులిపేస్తోంది.

"ఏంటన్నా ఇది? నువ్వు పస్తులుంటే ఉన్నావు, వదినను కూడా ఎండబెడతన్నావేంటి? ఆమెకి కూడా గడ్డుందా?"

నాయన తెల్లబోయి అమ్మ వైపు తిరిగాడు. "నేను తినకపోతే నువ్వు తింటలేవా?"

"ఎన్నడు తిన్న?" అన్నది అమ్మ.

నాయన పీట వాల్చుకుని కూర్చుని "పెట్టు" అన్నాడు. అత్త అన్నం, పప్పు, నెయ్యి వేసింది. ఆయన ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు తిన్నాడు. తినడం అయ్యాక అమ్మ కూర్చుంది. ఆమె నాలుగు ముద్దలు మింగేదాకా ఆయన అక్కడే గోడకానుకుని చూస్తూ ఉన్నాడు.

ఆ తర్వాత తినడమే ఆయనకు డ్యూటీ అయింది. నాలుకకు రుచి పోయింది, మట్టి నమిలినట్టుందని చెప్పేవాడు, తింటూ చెమటలు పట్టేవి. అయినా పొయ్యికి ఊక వేసినట్టు వేసేవాడు. గుడ్లు, పప్పు, మాంసం పులుసు. అత్త కోదాడ నుంచి వచ్చేటప్పుడల్లా సున్నుండలు, నువ్వుల లడ్డూలు డబ్బా నిండా తెచ్చి "అన్నా, ఇవి అయిపోయాకే నేను మళ్ళీ వచ్చేది" అని బెదిరించేది. ప్రతి ఆదివారం నేను వచ్చాక ఇద్దరం మిల్లుకు పోయేవాళ్ళం. అక్కడ బస్తాలు తూచే కాంటా మీద నాయన చెప్పులు విప్పి ఎక్కేవాడు. హమాలీలు బస్తాలు పక్కన పెట్టి చుట్టూ మూగేవారు.

మొదట్లో తూకం దిగుతూనే పోయింది. ఇంత తింటూ ఉంటే దిగడమేమిటని అందరూ నన్నడిగేవాళ్ళు. నా దగ్గర జవాబుంది కానీ ఆయన ముందు చెప్పే ధైర్యం లేదు. తర్వాత ఒక ఆదివారం ముల్లు ఉన్నచోటనే ఆగింది. ఆ పై ఆదివారం ఎక్కింది. "పెరిగిండు! పెరిగిండు!" అని ఒక హమాలీ ఈల వేశాడు. నాయన నమ్మక దిగి మళ్ళీ ఎక్కాడు. నిజమే. ఆ మరుసటి వారం ఇంకా పెరిగింది. లుంగీ ముడి పొట్ట దగ్గర బిగుతయిందని మురిసిపోయాడు. అమ్మ గుడికి పోయి కొబ్బరికాయ కొట్టింది. అత్తకు కబురంపితే పరుగెత్తుకుంటూ వచ్చింది. నాకైతే బస్సులో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకోవడం గుర్తుంది. ఇంకేం, దవాఖానకు పోదామని కాలేజీలో సెలవు పెట్టాను.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం నాయన మంచం మీద కూర్చుని చెప్పులు విప్పాడు. పాదం మీద చెప్పు పట్టీ దిగబడినంత లోతుగా గీత ఉంది. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీశాడు. గుంట పడింది. పూడలేదు.

"బిడ్డా, ఇటు రా."

వెళ్ళాను. మళ్ళీ నొక్కి చూపించాడు. మిల్లుకు తడి వడ్లు వస్తే కాంటా మీద ఎక్కువే తూగుతాయి. అందుకని ముందు ఒక గింజ కొరికి చూసి, తడి ఎంతుందో అంచనా వేసి, అంత మేరకు తీసేసి అసలు తూకం కడతారు. దాన్ని తరుగు తీయడం అంటారు. మిర్యాలగూడలో చంటిపిల్లవాడికి కూడా తెలిసిన సంగతి అది. అన్ని ఆదివారాలు, అంతమంది మిల్లు మనుషులం, ఆ కాంటా చుట్టే నిలబడి చప్పట్లు కొట్టాం.

"తరుగు తియ్యకుంట తూసినం బిడ్డా," అన్నాడు.

పొట్ట చూశాను. అదీ నీరే. లుంగీ బిగుతైంది అందుకే. చేతులూ, భుజాలూ, మెడా మాత్రం ముందటికంటే ఎండిపోయి ఉన్నాయి. కళ్ళ ముందే ఉంది, ఎవరికీ కనపడలేదు. వంటింట్లో అత్త రేపటి ప్రయాణానికి పులిహోర కలుపుతోంది. నాయన "వాళ్ళకిప్పుడే చెప్పకు, పొద్దటిదాంక సంతోషంగుండనీ" అన్నాడు. నేను తల ఊపాను.

డాక్టరు పొట్ట తట్టి చూసి, స్కానింగ్ తీయించి, నన్ను బయటికి పిలిచాడు. గడ్డ కాలేయానికి పాకింది. నెత్తుట్లో సత్తువ పోయి ఒంట్లోకి నీరు దిగింది. ఇక కోసి లాభం లేదు. ఇంటికి తీసుకుపోండి, ఏమడిగితే అది పెట్టండి అన్నాడు. మీరే కదా బరువు పెరగమన్నారు అని ఆయన మీద అరిచాను. ఆయన తప్పేమీ లేదని నాకు తెలుసు. ఎవరి మీదనో ఒకరి మీద అరవాలి కదా.

తిరుగు బస్సులో నాయన మళ్ళీ అడిగాడు. "మరి నేను తిన్నదంత ఏడికి పోయింది?"

ఇక దాచడం దేనికని చెప్పేశాను. గడ్డ చక్కెరను సగం కాల్చి ఆమ్లం పారేస్తుందని చెప్పాను కదా, ఆ ఆమ్లం నెత్తుట్లో కొట్టుకుపోయి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని వృథా పోనివ్వదు, మళ్ళీ చక్కెరగా చేసి నెత్తుట్లోకి వదులుతుంది. అట్లా చేయడానికి ఒంట్లో ఉన్న బలమే ఖర్చు పెడుతుంది. ఆ చక్కెరను మళ్ళీ గడ్డే తింటుంది. ఒక్కో తిరుగుడుకు మనిషి కొంత కొంత కరిగిపోతుంటాడు. చక్కెర చాలకపోతే కండలోంచి వచ్చే మాంసకృత్తుల ముక్కలు తింటుంది. ఒక దారి మూస్తే ఇంకో దారి తెరుచుకుంటుంది.

"అంటే," అని నాయన నిదానంగా లెక్క సరిచూసుకున్నాడు, "అది పారేసిన నల్లబూడిదను నా లివరే ఏరుకొచ్చి, మల్ల ఊక జేసి, దానికే ఏస్తున్నదా?"

"అవును నాయనా."

ఆయన నవ్వాడు. బస్సులో వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. "మా సేటు గూడ నాతోని ఇంత చాకిరి చేయించుకోలే," అన్నాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. తర్వాత, మా ఊరు దగ్గరపడ్డాక అనుకుంటా, "నేను పోతే అదేం తింటది?" అన్నాడు.

"ఏమీ తినదు. అదీ నీతోనే పోతది."

"మరి గన్ని ఎత్తులెందుకేసింది? దాని బొంద," అన్నాడు. కణానికి ముందుచూపు ఉండదని, ఇప్పుడు దొరికింది ఇప్పుడు తినడమే దానికి తెలుసని చెబుదామనుకుని ఊరుకున్నాను.

ఇంటికి చేరాక ఇక ఆయన కోలుకోలేదు, ఎవరమూ కోలుకుంటాడని అనుకోలేదు కూడా. నేను సెలవు పొడిగించుకుని మిర్యాలగూడలోనే ఉన్నాను. అత్త కూడా ఉండిపోయింది. రోజు రోజుకూ పొట్ట ఎత్తుగా, మనిషి సన్నగా అయిపోయాడు. ముద్ద దిగేది కాదు. అమ్మ మాత్రం పూటపూటకూ మెత్తగా అన్నం కలిపి, మజ్జిగ పోసి, మంచం పక్కన కూర్చునేది. ఆయన రెండు ముద్దలు నోట్లో పెట్టించుకుని, చాలు, నువ్వు పోయి తిను అనేవాడు. ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి పోయేది. ఆమె వెళ్ళగానే ఆయన మెల్లగా పక్కకు ఒత్తిగిలి, బుగ్గన పెట్టుకున్న ముద్ద తలగడ కింది పాత బట్టలో ఉమ్మేసేవాడు.

మొదటిసారి నేను చూసినప్పుడు ఆయన నా వైపు చూసి కనుసైగ చేశాడు, చెప్పొద్దని. లోపలి నుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తూ ఉండేది. గరిటె కంచానికి తగలడం, చెంబు కింద పెట్టడం. ఆ చప్పుడు ఆగేదాకా చెవులు రిక్కించి విని, తర్వాత కళ్ళు మూసుకునేవాడు. మీ అమ్మ తిన్నది అని నాకు చెప్పేవాడు, నాకు తెలియనట్టు. నేను ఒక్కసారి కూడా అమ్మకు చెప్పలేదు.

ఒక పొద్దున ఆయన నోరు తెరవలేదు. అమ్మ ముద్ద పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మిల్లు కూత పెట్టేవేళకు ప్రాణం పోయింది. అన్ని ఎత్తులు వేసిన గడ్డ, ఎంత నేర్చినా, మా నాయనకంటే ఒక్క పూట ఎక్కువ బతకలేదు. నాకు అందులో ఏ ఓదార్పూ దొరకలేదు.

దహనం చేసి వచ్చి అందరూ స్నానాలు చేశారు. పక్కింటివాళ్ళు అన్నం వండి తెచ్చారు. అత్త కంచంలో వడ్డించి అమ్మ ముందు పెట్టి "కొంచెం తిను వదినా, నీకేమైనా అయితే మేమేం కావాలి" అని బతిమాలింది. అమ్మ కంచం వైపు చూడనే లేదు. బతిమాలీ బతిమాలీ అత్త ఏడుపందుకుంది. నాకున్న జబ్బే అది, దుఃఖం వస్తే కోపమై బయటికొస్తుంది.

"ఇంకా ఎవరి కోసం ఆగుతున్నవ్?" అని అరిచాను. "ఆయన తిన్నంక తింటున్నా అనుకున్నవ్ గదా ఇన్నిరోజులు? ఆయన ఒక్క మెతుకు మింగలే. నువ్వు తినాలని నోట్లె పెట్టుకుని, నువ్వు పోంగనే ఉమ్మేసిండు. తలగడ కింద బట్టల!"

అత్త ఏడుపు ఆపి నోరు తెరిచి నా వైపు చూసింది. అమ్మ మాత్రం తల ఎత్తలేదు. కంచం అంచు మీద వేలు పెట్టి కొంచెం అవతలికి జరిపింది.

"నాకు తెల్వదా బిడ్డా?" అన్నది. "ఆ బట్టలు ఉతికింది ఎవరు?"

అప్పుడు అడిగాను, "మరి వంటింట్లకు పోయి నువ్వు తిన్నవా?"

"ఆయనకు ఇనబడాలని గిన్నెలు చప్పుడు చేసిన," అన్నది అమ్మ.